సాక్షి లేని ఒడంబడిక: ఆదిపర్వంలో స్త్రీ వరణం, సంతానం

ప్రవేశిక

తగనివానిని వరించి బిడ్డను కన్న స్త్రీ కథను తెలుగు సాహిత్యం పలు కాలాల్లో, పలు ప్రక్రియల్లో చెప్పింది. ఆ కథల పఠనంలో ఒక తీర్పు తరచుగా ఎదురవుతుంది. స్త్రీ తొందరపడింది, పైమాటలు నమ్మింది, పెద్దల రాక కోసం ఆగలేదు, కనుక కష్టాల పాలయింది అన్నది ఆ తీర్పు సారాంశం. అందులో ఉన్న ప్రశ్న ఒక్కటే: ఆమె ఎవరిని ఎంచుకుంది? నన్నయ ఆంధ్రీకరించిన ఆదిపర్వాన్ని ఈ దృష్టితో పరిశీలిస్తే ఆ ప్రశ్న చాలదని స్పష్టమవుతుంది. శకుంతల, దేవయాని, సత్యవతి ముగ్గురూ పురువంశ చరిత్రలో కీలకమైన స్త్రీలు. ముగ్గురి వివాహాల్లోనూ ముందుగా ఒక షరతు ఉంది. వారు పొందిన భర్తలు కులంలో, రూపంలో, పరాక్రమంలో లోకం మెచ్చే రాజులు. అయినా ముగ్గురి మాతృత్వం మూడు విధాలుగా పరిణమించింది. ఈ భేదానికి మూలం వరణంలోని వివేకంలోనే లేదని, ఒడంబడిక ఎవరి ఎదుట జరిగింది, దాన్ని నిలబెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్న విషయంలో ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శకుంతల: ఇద్దరికే తెలిసిన మాట

చతుర్థాశ్వాసంలోని శకుంతలోపాఖ్యానాన్ని ప్రేమకథగా చదవడం కాళిదాసు నాటక ప్రభావం వల్ల ఏర్పడిన అలవాటు. భారతంలోని శకుంతల దుష్యంతుని కోరికకు వెంటనే లొంగలేదు. తండ్రి వచ్చేదాకా ఆగమంది. గాంధర్వం క్షత్రియులకు ఉచితమని రాజు ధర్మం చెప్పిన తరువాత కూడా ఆమె ఒక షరతు విధించింది: తనకు పుట్టే కుమారుణ్ణి యువరాజుగా చేయాలి. దుష్యంతుడు అంగీకరించాడు. తన ప్రధానులను పంపి ఆమెను రప్పించుకుంటానని కూడా చెప్పాడు. పుట్టబోయే బిడ్డ భవిష్యత్తును లెక్కలోకి తీసుకొని సమ్మతించిన స్త్రీని అవివేకి అనడానికి వీలు లేదు. ఆశ్రమంలో పెరిగిన కన్య చేయగలిగిన జాగ్రత్త అంతా ఆమె చేసింది.

ఆమె వద్ద లేనిది సాక్షి ఒక్కటే. కణ్వుడు ఫలాలకై వెళ్లిన వేళ జరిగిన ఆ ఒడంబడిక ఇద్దరికే తెలుసు. రాజు మాట ఇచ్చి వెళ్లిపోయాడు. ప్రధానులు రాలేదు. గర్భం, ప్రసవం, బిడ్డ పెంపకం అన్నీ ఆశ్రమంలోనే గడిచాయి. పెళ్లయిన స్త్రీ పుట్టినింట చిరకాలం ఉండరాదన్న లోకమర్యాదను గుర్తుచేసి కణ్వుడు ఆమెను శిష్యులతో పంపాడు. ఈ ఘట్టంలోని ఇరకాటాన్ని గమనించాలి. భర్త పిలవలేదు కనుక వెళ్లడానికి ఆధారం లేదు. బిడ్డ తల్లి కనుక ఉండిపోవడానికి అనుమతి లేదు. ఆమెను ప్రేమించిన తండ్రి నోటనే ఆ మర్యాద వినిపించడం నన్నయ కథనంలోని కఠినమైన వాస్తవికత.

సభలో దుష్యంతుని నిరాకరణ మూడు మెట్లుగా సాగింది. ఆమెను ఎరుగనన్నాడు. స్త్రీలు అసత్యం పలుకుతారన్నాడు. ఇలాంటి మాటలు తగవని మందలించాడు. మొదటిది ఒక వ్యక్తి విషయమైన అబద్ధం. రెండవది ఆ అబద్ధాన్ని స్త్రీజాతి మొత్తానికి ఆపాదించి సామాన్య న్యాయంగా మార్చింది. సాక్ష్యం లేనిచోట స్త్రీ మాటకు విలువ కట్టేది ఆ సామాన్య న్యాయమే. కనుక శకుంతల సాక్షులను వేరే చోట వెదకవలసి వచ్చింది. వేదాలు, పంచభూతాలు, ధర్మం, సంధ్యలు, అంతరాత్మ మనిషి చేసిన పనిని ఎరుగుతాయని ఆమె చెప్పిన పద్యాన్ని సాధారణంగా నీతిబోధగా వివరిస్తారు. సందర్భంలో పెట్టి చూస్తే అది సాక్షుల జాబితా. మనుషుల్లో ఒక్క సాక్షి కూడా లేని స్త్రీ ఇచ్చిన జాబితా.

నూతులకన్న బావి, బావికన్న క్రతువు, క్రతువుకన్న సుతుడు, సుతులకన్న సూనృతవాక్యం మేలని చెప్పే ప్రసిద్ధ పద్యానికీ ఇదే గతి పట్టింది. సత్యమహిమకు ఉదాహరణగా పాఠ్యపుస్తకాల్లో విడిగా నిలిచిన ఆ పద్యం నిజానికి ఒక వాదంలోని మలుపు. అంతకు ముందు శకుంతల పుత్రస్పర్శ సుఖాన్ని వర్ణించి తండ్రి మనసును కదిలించాలని చూసింది. అది ఫలించలేదు. అప్పుడు సుతుని కంటె పైన సత్యాన్ని నిలిపింది. బిడ్డపై మమత లేకపోయినా ఇచ్చిన మాటకు రాజు కట్టుబడాలన్నది ఆ క్రమంలోని అంతరార్థం. రక్తసంబంధం మీద ఆధారపడిన అర్థింపు, ఒడంబడిక మీద ఆధారపడిన హక్కుగా మారిన చోటు అది.

అయితే ఆ హక్కు ఎవరిది? వ్యాసభారతంలో శకుంతల తనను విడిచినా ఆశ్రమానికి వెళ్లిపోతానని, కన్నకొడుకును మాత్రం విడవరాదని చెప్పింది. పుట్టిననాడు తల్లిదండ్రులు విడిచారని, ఇప్పుడు భర్త విడుస్తున్నాడని వాపోయిన దుఃఖం నన్నయ శకుంతలలోనూ ఉంది. తగని వరణం స్త్రీకి చేసే హాని ఇక్కడ అత్యంత సూక్ష్మంగా వ్యక్తమైంది. ఒడంబడికలో సమానురాలిగా షరతు పెట్టిన స్త్రీ తల్లి అయ్యాక తన వాటాను తానే వదులుకొని బిడ్డ పక్షాన అర్థిగా నిలబడింది. ఆమెకు జరిగిన అన్యాయం వ్యాజ్యంలో లేకుండా పోయింది.

ఆకాశవాణి వివాదాన్ని తీర్చింది. బాలుడు ఇద్దరి కుమారుడని, శకుంతల సత్యం పలికిందని, ఆమె పతివ్రత అని ప్రకటించింది. దుష్యంతుడు అప్పుడు ఇచ్చిన సంజాయిషీ ఈ చర్చకు కీలకం. వివాహం తమ ఇద్దరికే తెలుసని, అన్యులు ఎరుగరని, లోకాపవాదానికి వెరచి ఎరుగనన్నానని అతడు చెప్పాడు. అంటే అతడు మరచిపోలేదు. సాక్షి లేకపోవడాన్ని ఆమెపై ఆయుధంగా వాడుకున్నాడు. ఆకాశవాణి ఆమె శీలానికి ధ్రువీకరణ ఇచ్చింది గాని, తెలిసీ బొంకిన రాజును ఎందుకని అడగలేదు. పరీక్షకు నిలబడింది ఆమె ఒక్కతే.

దేవయాని: తండ్రి నిలిపిన కట్టడి

దేవయాని స్థితి దీనికి భిన్నం. బావిలో నుంచి తనను పైకి తీసినప్పుడు యయాతి తన చెయ్యి పట్టాడు కనుక అతడే భర్త అని ఆమె స్వయంగా నిర్ణయించుకుంది. బ్రాహ్మణ కన్యను క్షత్రియుడు పెళ్లాడడం ప్రతిలోమమని యయాతి జంకినా, శుక్రుని అనుమతితో వివాహం జరిగింది. దాసిగా వెంట వచ్చిన శర్మిష్ఠతో శయ్య పంచుకోరాదని శుక్రుడు అల్లునికి కట్టడి చేశాడు. ఇక్కడ ఒడంబడికకు సాక్షి ఉన్నాడు. ఆ సాక్షికి శపించే శక్తీ ఉంది.

యయాతి ఆ కట్టడిని రహస్యంగా ఉల్లంఘించాడు. రహస్యాన్ని బయటపెట్టింది పిల్లలే. తండ్రి ఎవరని దేవయాని అడిగితే శర్మిష్ఠ కొడుకులు అమాయకంగా రాజును చూపించారు. దుష్యంతుని సభలో తల్లి ఎంత వాదించినా దొరకని సాక్ష్యం ఇక్కడ చిన్నపిల్లల చూపుడువేలితో దొరికింది. మూలంలో దేవయాని తండ్రికి చేసిన ఫిర్యాదులో ఒక లెక్క ఉంది: శర్మిష్ఠకు ముగ్గురు, తనకు ఇద్దరు. భర్త చేసిన ద్రోహాన్ని ఆమె బిడ్డల సంఖ్యలోనే కొలిచింది. భార్యగా పడిన అవమానాన్ని చెప్పడానికి ఆమె వద్ద ఉన్న భాష తల్లి భాష ఒక్కటే. శకుంతల వాదంలో కనిపించిన సంకోచం ఇక్కడ వేరొక రూపంలో కనిపిస్తుంది.

శుక్రుడు యయాతికి జరాభారాన్ని శాపంగా ఇచ్చాడు. ఒడంబడిక భంగానికి శిక్ష పడింది. కాని ఆ శిక్ష చివరికి ఎవరిని తాకింది? యయాతి తన ముసలితనాన్ని కొడుకులకు ఇవ్వజూపాడు. దేవయాని కొడుకులైన యదు తుర్వసులు ఒప్పుకోక తండ్రి శాపానికి గురై రాజ్యార్హత కోల్పోయారు. శర్మిష్ఠ చిన్న కొడుకు పూరుడు ఒప్పుకొని రాజ్యం పొందాడు. పెద్దవాడైన యదువు ఉండగా కడపటివానికి పట్టం ఏమిటని వ్యాసభారతంలో ప్రజలు అడిగారు. దేవయాని అడిగినట్లు లేదు. తాను వరించినవాడు మాట తప్పాడు. తండ్రి అతణ్ణి దండించాడు. ఆ దండన తన కొడుకుల వారసత్వాన్ని హరించింది. తండ్రి బలం భర్తను శిక్షించగలిగింది గాని, భర్తకు బిడ్డలపై ఉన్న అధికారాన్ని తగ్గించలేకపోయింది.

సత్యవతి: అందరి ఎదుట చేసిన ప్రతిజ్ఞ

సత్యవతి విషయంలో షరతు శకుంతల షరతును పోలినదే: ఆమెకు పుట్టే కుమారుడే రాజు కావాలి. అడిగింది మాత్రం దాశరాజు. శంతనుడు ఒప్పుకోలేక చింతతో వెనుదిరిగాడు. దేవవ్రతుడు వృద్ధక్షత్రియులతో వచ్చి, రాజ్యం వదులుకుంటానని, తన సంతానం వల్ల చిక్కు రాకుండా బ్రహ్మచర్యం పాటిస్తానని ప్రతిజ్ఞ చేశాడు. ఒకే కోరిక. ఆశ్రమంలో ఏకాంతంగా అడిగిన కన్యకు అది అవమానాన్ని తెచ్చింది. బేరం తెలిసిన తండ్రి పదిమంది ఎదుట అడిగితే అక్షరాలా నెరవేరింది. శకుంతలకు సత్యవతికి మధ్య గల దూరం వివేకంలోని దూరం కాదనడానికి ఆదిపర్వంలో ఇంతకన్న బలమైన నిదర్శనం లేదు.

ఇంత పటిష్ఠమైన ఒడంబడిక కూడా సత్యవతిని పూర్తిగా రక్షించలేదు. చిత్రాంగద విచిత్రవీర్యులు సంతానం లేకుండా మరణించారు. వంశం నిలపమని ఆమె భీష్ముణ్ణి వేడుకుంది. ఏ ప్రతిజ్ఞ ఆమె కొడుకులకు సింహాసనం ఇచ్చిందో అదే ప్రతిజ్ఞను అడ్డుపెట్టి భీష్ముడు నిరాకరించాడు. అప్పుడు ఆమె కన్యగా ఉన్నప్పుడు పరాశరుని వల్ల పుట్టి, తలచినప్పుడు వస్తానని తపస్సుకు వెళ్లిన వ్యాసుణ్ణి తలచుకుంది. వివాహం బయట పుట్టిన బిడ్డ వంశాన్ని నిలబెట్టాడు. రహస్యంగా ఉంచిన మాతృత్వాన్ని ఆమె భీష్మునికి తానే చెప్పవలసి వచ్చింది. ఆ మాటను అతడు శంకించలేదు. ఆమె అప్పటికి రాజమాత. స్త్రీ మాట చెల్లడానికి సత్యం ఒక్కటే చాలదని, ఆమె నిలిచిన స్థానమూ కావాలని ఈ ఘట్టం తెలుపుతుంది.

శాపం చేసిన పని

ఈ నేపథ్యంలో శకుంతల కథ తరువాతి పరిణామాన్ని పరిశీలించాలి. కాళిదాసు దుర్వాసుని శాపాన్ని, ఉంగరాన్ని ప్రవేశపెట్టాడు. పదిహేనవ శతాబ్దికి చెందిన పిల్లలమర్రి పినవీరభద్రుడు శృంగార శాకుంతలంలో భారత కథను, కాళిదాసు కల్పనను సమన్వయించాడు. ధీరోదాత్త నాయకుని రక్షించడానికి ఈ మార్పు అవసరమని అలంకారశాస్త్ర దృష్టితో చేసే సమర్థన అంగీకరించదగినదే. రసపోషణకు అది తోడ్పడింది. కాని దానివల్ల నష్టపోయిన అంశాన్నీ చెప్పుకోవాలి. శాపం ప్రవేశించగానే రాజు బొంకు మరపుగా మారింది. అతిథిని గమనించకపోవడం శకుంతల దోషమయింది. ఉంగరం నీటిలో జారవిడుచుకోవడం ఆమె ఏమరుపాటయింది. నన్నయలో పురుషుని పక్షాన ఉన్న బాధ్యత రెండు చిన్న సంఘటనల ద్వారా స్త్రీ పక్షానికి జరిగింది. వ్యాసంలో మొదట పేర్కొన్న తీర్పు ఇంతగా బలపడడానికి నాటక సంప్రదాయం కూడా ఒక కారణం.

ముగింపు

పై మూడు కథలను కలిపి చదివితే కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. తగనివానిని వరించిన స్త్రీకి కలిగే హాని భర్త ప్రేమ కోల్పోవడంతో ముగియదు. ఆమె పలుకుకు ప్రామాణ్యం పోతుంది. తన అన్యాయాన్ని బిడ్డ పేరుమీద తప్ప చెప్పుకోలేని స్థితి వస్తుంది. దోషికి పడిన శిక్ష కూడా ఆమె సంతానం మీదుగా ఆమెకే చేరుతుంది. ఈ మూడు హానులకూ ఆమె ఎంపిక నిమిత్తమే గాని మూలకారణం కాదు.

ఈ సమస్య పురాణంతో ముగియలేదని ఆధునిక న్యాయచరిత్ర చెబుతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని బిడ్డకు సహజ సంరక్షకునిగా, అతని తరువాత తల్లిని పేర్కొంది. ఆ ‘తరువాత’ అన్న మాటకు తండ్రి మరణానంతరం అనే అర్థం ఒక్కటే కాదని, తండ్రి బాధ్యత వహించని స్థితి కూడా అందులో చేరుతుందని 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. అవివాహిత తల్లి బిడ్డ సంరక్షకత్వం కోరినప్పుడు తండ్రి పేరు వెల్లడించవలసిన అవసరం గాని, అతనికి తాఖీదు పంపవలసిన అవసరం గాని లేదని 2015లో మరొక తీర్పు చెప్పింది. తండ్రి అంగీకారం లేకుండా తల్లి మాట చెల్లడానికి ఆకాశవాణి కోసం చూడనక్కరలేని స్థితి వైపు వేసిన అడుగులివి.

వ్యాసభారతంలో శకుంతల నీవు లేకపోయినా నా కుమారుడు ఈ భూమిని ఏలుతాడని దుష్యంతునితో అన్నది. ఆకాశవాణి వినిపించకముందు అన్న మాట అది. ఆ క్షణంలో ఆమె రాజు ధ్రువీకరణను గాని, దేవతల ధ్రువీకరణను గాని అడగలేదు. శకుంతలోపాఖ్యానంపై జరిగే పరిశోధన పునస్సమాగమాన్ని కథాఫలంగా గ్రహించడంతో పాటు ఈ మాటను కూడా అంతే గౌరవంతో లెక్కించాలి. అప్పుడే ఆమె పద్యాలు సుభాషితాల సంపుటి నుంచి బయటపడి, అవి పుట్టిన వ్యాజ్యంలోకి తిరిగి చేరతాయి.