రాయని కాలం: ఆత్రేయ సినీ రచనలో శ్రమ, గడువు, హక్కు

ఆచార్య ఆత్రేయ ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక చమత్కారం వెంట వస్తుంది. ఆయన రాసి ప్రేక్షకులను, రాయక నిర్మాతలను ఏడిపించారని. చిత్రపరిశ్రమలో పుట్టిన ఈ మాట క్రమంగా సంస్మరణ ప్రసంగాల్లోకీ సాహిత్య వ్యాసాల్లోకీ చేరి స్థిరపడింది. చమత్కారంగా బాగానే ఉంది. విమర్శగా మాత్రం, ప్రశ్న అడగవలసిన చోట నవ్వించి తప్పుకుంటుంది. దీని మొదటి సగం కవి ప్రతిభను, రెండవ సగం ఆయన స్వభావాన్ని చెబుతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి రెండు సగాలూ ఒకే వృత్తిని చెబుతున్నాయి. నెలజీతం లేని రచయిత ఏ షరతుల మీద రాశారు, ఆ షరతుల్లో రాయకపోవడానికి ఉన్న స్థానమేమిటి అన్నది పరిశీలించవలసిన విషయం.

ఆత్రేయ అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు. 1921 మే 7న నాటి నెల్లూరు జిల్లాలో సూళ్లూరుపేట సమీపంలోని మంగళంపాడులో జన్మించారు. గోత్రనామమే కలంపేరయింది. సినిమాల్లోకి రాకముందు ఆయన చేసిన కొలువులను వరుసగా చూస్తే ఒక విశేషం తెలుస్తుంది. నెల్లూరు మున్సిఫ్ కోర్టులో, సెటిల్‌మెంటు కార్యాలయంలో గుమాస్తా పని. ‘జమీన్ రైతు’ పత్రికలో సహాయ సంపాదకత్వం. గూడూరు నాటక కళాపరిషత్తులో వైతనిక కార్యదర్శి పదవి. అన్నీ అక్షరంతో ముడిపడినవే. అయితే మొదటి రెండింటిలో అక్షరం ఇతరులది. కచేరీ గుమాస్తా సొంత వాక్యం రాయడు. ఉన్న వాక్యాన్ని తప్పు లేకుండా, వేళకు ఎత్తి రాస్తాడు. వేళకు రాయడమనే విద్య ఆత్రేయకు తెలియనిది కాదు; దానికి జీతం తీసుకున్న అనుభవం ఆయనకుంది.

ఆ అనుభవం నుంచి వచ్చిన నాటకమే ‘ఎన్.జి.ఓ.’. నేటి విద్యార్థులు ఈ శీర్షిక చూసి స్వచ్ఛంద సంస్థ అని పొరబడే అవకాశముంది గనుక, ఇది నాన్ గెజిటెడ్ ఉద్యోగిని సూచిస్తుందని తరగతి గదిలో ప్రత్యేకించి చెప్పవలసి వస్తోంది. చాలీచాలని జీతంతో సంసారం ఈదలేక చితికిపోయే చిరుద్యోగి కథ అది. 1953లో ‘గుమస్తా’ పేరుతో చలనచిత్రంగా కూడా వచ్చింది. ఈ నాటకాన్ని సామాజిక వాస్తవికతకు ఉదాహరణగా విమర్శకులు తరచూ పేర్కొంటారు. రచయిత జీవితంలో దాని స్థానాన్ని అంతగా పట్టించుకోలేదు. ఉద్యోగ భద్రత అనేది ఎంత పలచనిదో రంగస్థలం మీద చూపిన మనిషి, ఆ పలచని భద్రతను కూడా వదులుకొని, పాటకింత, సంభాషణలకింత అని మాట్లాడుకొనే వృత్తిలోకి వెళ్లారు. 1951లో వచ్చిన ‘దీక్ష’తో ఆయన సినీగీత రచన మొదలయింది. దీనిని నాటకకర్త పతనంగా, డబ్బుకు లొంగిపోవడంగా చూసే ధోరణి ఒకటి ఉంది. జీతం వదులుకొన్నవాడు డబ్బుకోసమే వదులుకున్నాడనడంలోని వైరుధ్యాన్ని ఆ ధోరణి పట్టించుకోదు.

నెల్లూరు జిల్లాకు రెండు ముఖాలున్నాయి. తూర్పున పెన్న కాలువల కింద పండే మాగాణి. పడమట ఉదయగిరి, వింజమూరు వైపు వానను నమ్ముకున్న మెట్ట. ఆత్రేయ పడమటి మెట్టవారు కారు. అయినా ఆయన వృత్తిని అర్థం చేసుకోవడానికి ఆ మెట్ట రైతే మంచి పోలిక. గుమాస్తా జీతం కాలువ నీరు వంటిది: తక్కువే అయినా వంతు ప్రకారం వస్తుంది. స్వతంత్ర రచన మెట్ట సేద్యం. వింజమూరు రైతు తొలి చినుకుకే విత్తడు. నేలలో పదును నిలిచేదాకా ఆగుతాడు. పదును కాకముందు వేస్తే విత్తనం పోతుంది, అదును దాటాక వేస్తే పంట పోతుంది. ఆ ఎదురుచూపును ఊళ్లో ఎవరూ సోమరితనమనరు. మద్రాసులో పాటకోసం ఎదురుచూసిన నిర్మాతకు మాత్రం అది సోమరితనంగానే కనిపించింది. ఆయనకు కనిపించేది తెల్లకాగితమే గదా.

సోమరితనమన్న అభియోగానికి అంకెలే తొలి సమాధానం. 1951 నుంచి 1989 సెప్టెంబరు 13న మరణించేవరకు 38 సంవత్సరాలు. ఈ కాలంలో ఆత్రేయ రాసిన పాటలు వెయ్యికి పైబడినవి. తక్కువలో తక్కువగా వెయ్యే అనుకున్నా, సగటున ఏడాదికి 26; అంటే నాలుగు దశాబ్దాలపాటు రమారమి పక్షానికొక పాట. దీనికి సంభాషణల రచన అదనం. ‘ప్రేమనగర్’ (1971) వంటి చిత్రాలకు పాటలూ మాటలూ ఆయనవే. ఇది రాయనివాని లెక్క కాదు. రాయడానికి ముందు గడిచిన కాలాన్ని ఎవరూ లెక్కలో వేయలేదంతే. జీతగానికి కూర్చున్న కాలానికి కూలి ముడుతుంది. పాటకింత అని తీసుకునేవానికి ఆలోచించిన రాత్రులకు ప్రత్యేకంగా ఏమీ ముట్టదు. విజయా సంస్థలో పింగళి నాగేంద్రరావు వలె ఒక సంస్థ నీడన కుదురుకున్న రచయితకు కొంత నిలకడ ఉంటుంది. ఎక్కువ సంస్థలకు విడివిడిగా రాసిన ఆత్రేయకు ఆ నీడ లేదు.

ఇక్కడ చట్టం సంగతి కూడా చూడాలి. తెలుగు సాహిత్య విమర్శ దీన్ని దాదాపు తడమలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద, నిర్మాత ప్రతిఫలమిచ్చి సినిమాకోసం రాయించుకున్న పాటపై, వేరే ఒప్పందం లేకపోతే, తొలి యాజమాన్యం నిర్మాతదేనని సుప్రీంకోర్టు 1977లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. సినిమా బయట పాట వినియోగానికి వచ్చే రాయల్టీలో గీతరచయితకు వదులుకోవడానికి వీల్లేని వాటాను 2012 సవరణ కల్పించింది. ఆత్రేయ జీవితమంతా ఆ సవరణకు ముందే గడిచిపోయింది. రేడియోలో, పెళ్లిపందిళ్లలో, తిరునాళ్ల మైకుల్లో ఎన్ని వేలసార్లు వినిపించినా ఆ పాటతో రచయితకు ఆర్థిక సంబంధం లేదు. కాగితం చేతులు మారిన క్షణంలోనే అది తెగిపోయేది. అంటే పాట పూర్తిగా రచయిత అధీనంలో ఉన్న కాలం, దాన్ని ఇంకా ఇవ్వని కాలమొక్కటే. జాప్యాన్ని ఆత్రేయ ఇలా లెక్కవేసుకుని చేశారని చెప్పడానికి ఆధారం లేదు, అలా చెప్పనక్కరలేదు కూడా. వృత్తి నిర్మాణమే రచయిత చేతికి మరే ఇతర అధికారమూ ఇవ్వనప్పుడు, గడువు దగ్గరే ఘర్షణ తలెత్తడం సహజం.

సృజన పద్ధతి విషయానికి వస్తే, ఆత్రేయను రెండు భిన్న పరిస్థితుల్లో చూడవలసి ఉంటుంది. కె.వి.మహదేవన్ ముందు పాట రాయించుకొని దానికి వరుస కట్టేవారు. ‘మూగమనసులు’ (1964) పాటల్లో అధికభాగం, ‘ప్రేమనగర్’ పాటలు ఈ జంట పనితనానివే. ఈ పద్ధతిలో వాక్యం స్వతంత్రమైనది. అందుకే ఆ పాటల్లో సమాసాలు తక్కువ. కర్త, కర్మ, క్రియ మాట్లాడే భాషలో ఉన్నచోటే ఉంటాయి. ఒక మనిషి మరొకరితో వాదిస్తున్నట్లు ప్రశ్న వెంట జవాబు నడుస్తుంది. నాటకకర్త అలవాటు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ‘మనసుకవి’ అన్న బిరుదు ఆయన వస్తువును పట్టుకుంది గాని, ఈ వాక్య నిర్మాణాన్ని వదిలేసింది. అలంకారాన్ని తీసివేసి వాక్యాన్ని నిలబెట్టడానికి, చేర్చి రాయడానికి పట్టేదానికంటే ఎక్కువ కాలం పడుతుందని, రాసే అలవాటున్న ఎవరికైనా తెలుసు.

ఎం.ఎస్.విశ్వనాథన్ స్వరపరచిన కె.బాలచందర్ చిత్రాల్లో పరిస్థితి వేరు. ‘మరోచరిత్ర’ (1978)లో తెలుగు సరిగా రాని తమిళ యువకుడు లిఫ్టులో నాయికను పలకరించే పాట పూర్తిగా తెలుగు సినిమా పేర్ల కూర్పు. పరిమితినే వస్తువుగా మార్చిన పని అది. కథలోని యువకునికి ఉన్న అరకొర భాషే పాటకు నియమమయింది. ‘ఆకలిరాజ్యం’ (1981)లోని ఒక యుగళగీతం ఇంకా ముఖ్యమైనది. కన్నదాసన్ పాటలతో 1980లో తమిళంలో వచ్చిన ‘వరుమైయిన్ నిరం సివప్పు’కు ఇది తెలుగు రూపం. ఈ పాటలో నాయిక ఒక రాగఖండాన్ని కూనిరాగం తీస్తుంది. ఉద్యోగం లేని నాయకుడు అక్కడికక్కడే దానికి మాటలు పొదుగుతాడు. ఆమె వరుస మార్చినకొద్దీ అతని పలుకూ మారుతుంది. ఇది ప్రణయ సన్నివేశమే అయినా, సినీకవి రోజువారీ పనికి నాటకీయ రూపం కూడా. వరుస ముందు, మాట తరువాత, గడువు ఊపిరి తీసుకున్నంత. తెలుగు రచయితకు మరో కట్టడి కూడా ఉంది. తమిళంలో కుదిరిన స్వరంలోనే తెలుగు పలుకు ఒదగాలి. అయినా శ్రోతకు ఆశువుగానే వినిపిస్తుంది. రాయడానికి కాలం తీసుకుంటాడని పేరుబడ్డ కవి, క్షణంలో పుట్టినట్లుండే పాటను నిర్మించారు. ఆ క్షణికత ఎంత కాలం చెక్కితే వచ్చిందో పాటలో ఎక్కడా కనిపించదు. నిరుద్యోగి నోట ఆ పాట పెట్టడం బాలచందర్ కథలోనిదే కావచ్చు. అయినా ‘ఎన్.జి.ఓ.’ రాసిన కలానికి అది పరాయి సందర్భం కాదు.

ఇంత చెప్పినా ఆత్రేయ పక్షాన పూర్తిగా తీర్పు ఇవ్వడం న్యాయం కాదు. పాట ఆలస్యమైతే నష్టపోయేది నిర్మాత ఒక్కడే కాడు. రికార్డింగు వాయిదా పడితే ఆనాటి భత్యం పోయే వాద్యకారులున్నారు. సెట్టు వేసి కూర్చున్న వడ్రంగులు, లైట్లవాళ్లు ఉన్నారు. వారిది కూడా స్వతంత్ర వృత్తే, అది కూడా మెట్ట సేద్యమే. ఒకరి పదునుకోసం మరొకరి అదును పోయింది. ఆ నష్టం గురించి కథలు చెప్పేవారు లేరు, ఎందుకంటే అందులో చమత్కారం లేదు. గుమాస్తా కుటుంబానికి నాటకంలో గొంతునిచ్చిన రచయిత ఈ విషయాన్ని ఎలా చూశారన్నది, కొంగర జగ్గయ్య పూనికతో సంపుటాలుగా వెలువడిన ఆత్రేయ రచనలను ఈ దృష్టితో చదివినవారు తేల్చవలసిన ప్రశ్న. నిర్మాణ సంస్థల పాత లెక్కల పుస్తకాలు, రికార్డింగు చిట్టాలు ఎక్కడైనా మిగిలి ఉంటే అవి కూడా పరిశోధకునికి పాఠాలే.

గడువుకు అవతలి వైపు నిలబడే సందర్భం ఆత్రేయకు ఒక్కసారి వచ్చింది. ఆయన దర్శకత్వం వహించిన ఏకైక చిత్రం ‘వాగ్దానం’ (1961). అక్కడ పాటకోసం ఎదురుచూడవలసినవారు ఆయనే. పెండ్యాల సంగీతం కూర్చిన ఆ చిత్రంలో పాటలన్నీ ఆయన తన దగ్గరే ఉంచుకోలేదు. హరికథను శ్రీశ్రీ చేత రాయించారు, అప్పటికి సినిమాకు కొత్తవాడైన దాశరథికి ప్రణయగీతం అప్పగించారు. మరికొన్ని తాను రాశారు.