స్త్రీపర్వము లేని యుద్ధకథలు: బ్రిటిషు ఫుట్‌బాల్ ముఠాల స్మృతిగ్రంథములు

బ్రిటన్ దేశమున 1989వ సంవత్సరము మొదలుకొని యొక వింతజాతి వాఙ్మయము పెరుగుచు వచ్చినది. ఫుట్‌బాల్ పందెము జరుగు దినమున ఎదుటిపక్షపు అభిమానులతో రైలు స్టేషనులలోను, వీథులలోను, పానశాలలలోను కొట్లాడుటయే యౌవనమునకు ఫలముగా నెంచినవారు, నడివయస్సున కూర్చుండి ఆనాటి ముచ్చటలు వ్రాసికొనిన గ్రంథములివి. ఆ యేటనే కాలిన్ వార్డు వ్రాసిన ‘స్టీమింగ్ ఇన్’, అబర్డీన్ జట్టు ననుసరించిన జే అలన్ వ్రాసిన ‘బ్లడీ కాజువల్స్’ వెలువడినవి. త్రోవ తెరచినట్లైనది. 1996లో బ్రిమ్‌సన్ సోదరులు, 2000 నుండి కాస్ పెన్నంటు, ఆ వెనుక ఇంచుమించు ప్రతి పెద్ద పట్టణమునకు నొకడు చొప్పున రచయితలైరి. స్టీవ్ రెడ్‌హెడ్ అను విద్వాంసుడు వీనిని ‘హిట్ అండ్ టెల్’ పుస్తకములనెను. కొట్టుట, వచ్చి చెప్పుట యని భావము.

ఇట్టివానిని గూర్చి యొక సాహిత్యపత్రికలో వ్రాయుట యేలయని చదువరులు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. మన యిండ్లలో బాలురు అర్ధరాత్రమువరకు మేలుకొని టెలివిజనులో ప్రీమియర్ లీగు ఆటలు చూచుచున్నారు. వరుసలు దీరిన ఆ కుర్చీలు, కంచెలేక తెరచియుండు ఆ పచ్చికబయలు వారికి సహజముగా దోచును. అవి యెన్ని ప్రాణములు పోయిన పిమ్మట వచ్చినవో వారికి జెప్పువారు లేరు. చెప్పదగిన యీ గ్రంథకర్తలు చెప్పకపోయిరి. నా ఫిర్యాదంతయు నిదియే.

ముందుగా కొన్ని మాటల యర్థము. టెర్రసు అనగా కుర్చీలు లేని సిమెంటు మెట్లు. కొద్దిపాటి రుసుము చెల్లించి వేలకొలది జనులు ఒకరి నొకరు ఆనుకొని నిలుచుండి ఆట చూచు చోటు. ఫర్మ్ అనగా ముఠా. వర్తకసంఘమునకు జెల్లు పేరును దొమ్మీకి బెట్టుకొనుటలోనే వారి హాస్యము తెలియుచున్నది. లండనులోని వెస్ట్ హామ్ జట్టు ముఠాకు ‘ఇంటర్ సిటీ ఫర్మ్’ అని పేరు. పోలీసుల కాపుదలతో నడచు ప్రత్యేకపు రైళ్లను విడిచి, సామాన్య ప్రయాణికులు ఎక్కు ఇంటర్ సిటీ రైళ్లలో పోవుటచేత ఆ పేరు వచ్చినది. లీడ్సువారి ‘సర్వీస్ క్రూ’ అను పేరును అట్టిదే. ఇక కాజువల్ అనగా, 1970ల చివర లివర్‌పూల్, మాంచెస్టరు నగరములలో బుట్టి దేశమంతట బ్రాకిన వేషము. లివర్‌పూలులో వారిని స్కాలీలనిరి, మాంచెస్టరులో పెర్రీ బాయ్స్ అనిరి.

ఈ వేషమును గూర్చి చెప్పునప్పుడే యీ పుస్తకములు నిజముగా రాణించును. లివర్‌పూల్ జట్టు 1977లో రోము నగరమునకు, 1981లో పారిసునకు యూరపు కప్పు తుదిపందెములకు బోయినది. ఆ జట్టు వెంట ఏటేట ఖండమునకు బోయివచ్చిన రేవుపట్టణపు కుర్రవాండ్రు, ఇంగ్లండులో దొరకని ఆడిడాస్ బూట్లను, ఇటలీదేశపు చొక్కాలను వెంట దెచ్చుకొనిరి. అంతకుముందు టెర్రసు అల్లరివాడనగా గొరిగిన తల, బరువైన బూట్లు, మెడను జట్టు కండువా. ఇప్పుడో, ఫిలా, సెర్జియో టాకీని, లకోస్టు. ఇందొక చమత్కారము గలదు. ఇవన్నియు టెన్నిసు ఆటవారి బట్టలు. ఫ్రెడ్ పెర్రీ, లకోస్టు, టాకీని స్వయముగా టెన్నిసు క్రీడాకారులు. ఫిలా చొక్కాను బోర్గు ధరించెను. దొరల విహారస్థలములలో తెల్లని గీతలనడుమ ఆడుకొనువారి యుడుపులను, పని దొరకని రేవుకుర్రవాడు వర్షమున దడియుచు సిమెంటు మెట్లమీద ధరించెను. 1982లో బ్రిటనులో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటినది. అట్టి కాలమున, అట్టి పట్టణమున నెలజీతమునకు సరిపోవు కోటు తొడిగి తిరుగుటలో నెంత అభిమానము, నెంత ఆక్రోశము ఇమిడియున్నదో ఈ రచయితలకు దెలియును. సమాజశాస్త్రజ్ఞులకు దెలిసినదానికంటె బాగుగనే తెలియును.

మన యలంకారికుల మాటలో జెప్పినచో ఆ వేషము వ్యంగ్యకావ్యము. కండువాలేని, శుభ్రముగ దువ్వుకొనిన యువకుని జూచి పోలీసువాడు వాచ్యార్థమును మాత్రము గ్రహించి, ఎవరో మర్యాదస్థుని కుమారుడని దారి విడిచెను. బూటుమీది చార రంగును, చొక్కా మెడను జూచి లోని యర్థమును గ్రహించువాడు ఎదుటి ముఠాలోని సహృదయుడే! 1982లో మాసిమో ఓస్తి స్థాపించిన స్టోన్ ఐలండు వారి కోటుకు ఎడమచేతిమీద దిక్సూచి గుర్తుగల బిళ్ల యుండును. కొన్నాళ్లకు పోలీసులకు సయితము ఈ ధ్వనిమార్గము తెలిసిపోయి, ఆ బిళ్లయే పట్టియిచ్చు గుర్తైనది. 1988లో సి.పి. కంపెనీవారు మోటారు పందెముకొరకు కుట్టిన కోటు టోపీకి కండ్లద్దములుండెను. వానిని ముఖమును గప్పికొనుటకు వాడుకొనిరి.

వేషమునుండి యుద్ధమునకు వచ్చుసరికి గ్రంథములు డీలాపడును. ఒకటి చదివినచో పది చదివినట్లే. రైలు దిగిరి, ప్రక్కసందున నడచిరి, ఎదుటివారు కనబడిరి, మనవారు తక్కువ, వారెక్కువ, ఐనను మనవారు వెనుదీయలేదు, తుదకు వారు పరుగెత్తిరి. పరుగెత్తిన దెవరను ప్రశ్నపై ఒక పట్టణపు పుస్తకము చెప్పుదానిని మరియొక పట్టణపు పుస్తకము కాదనును. పలనాటి యుద్ధమునకు కోడిపందెము నిమిత్తమైనట్లే వీరికి బంతియాట నిమిత్తమాత్రము. గెలుపెవరిదో, బంతి నెవరు గోలులోనికి గొట్టిరో చాలచోట్ల చెప్పనేచెప్పరు.

భరతుడు వీరమునకు ఉత్సాహమును, రౌద్రమునకు క్రోధమును స్థాయిభావములుగా జెప్పెను. వీరము ఉత్తమప్రకృతుల నాశ్రయించునది. రౌద్రమునకు రాక్షసులు, దానవులు, ఉద్ధతులైన మనుష్యులు ఆశ్రయము. ఉద్ధతమనుష్యుడన నెవ్వడని విద్యార్థి యడిగినచో జూపదగిన లక్ష్యములు ఈ పుస్తకములలో గావలసినన్ని గలవు. ఐనను గ్రంథకర్తలు తమది వీరమేయని వాదింతురు. పోరుటకు సిద్ధపడి వచ్చినవానినే కొట్టవలెను, స్త్రీలను పిల్లలను సామాన్య ప్రేక్షకులను ముట్టరాదు, పోలీసులతో జెప్పరాదు, అను నియమములను వారు సాక్ష్యముగా జూపుదురు. నియమములున్న మాట పూర్తిగా అబద్ధము కాదు. ఆక్స్‌ఫర్డులో పీటర్ మార్షును ఆయన సహచరులును 1978లో ప్రకటించిన ‘ది రూల్స్ ఆఫ్ డిసార్డర్’ అను గ్రంథమున, టెర్రసు అల్లరిలో హెచ్చుభాగము బెదిరింపుల నాటకమనియు, దానికొక కట్టుబాటు గలదనియు వాదించిరి. లీసెస్టరు విశ్వవిద్యాలయ పండితులు అందుల కొప్పుకొనలేదు. ఆ వివాదమును వారికే విడిచెదము.

నేనడుగునది సాహిత్యమునకు సంబంధించిన ప్రశ్న. ధర్మయుద్ధ నియమములు భారతమునను గలవు. భీష్మపర్వమున యుద్ధారంభమునకు ముందు ఉభయపక్షములవారును వాని నంగీకరించిరి. అవి యొక్కొక్కటియే యెట్లు భగ్నమయ్యెనో, భంగమునకు ధర్మపక్షమువారు సయితమెట్లు పాల్పడిరో ఆ తరువాతి కథ చెప్పుచున్నది. కథకు బరువు ఆ భంగమువలన వచ్చినది. ఈ స్మృతిగ్రంథములలో నియమము చెప్పబడును; భంగము మాత్రము దాదాపు ఎల్లప్పుడును ఎదుటి ముఠావారిదే. తనవారు నేలబడినవానిని దన్నినప్పుడు వాక్యము కర్మణిలోనికి మారును, లేక హాస్యములోనికి జారును.

కాస్ పెన్నంటును నేనీ గుంపునుండి కొంత వేరుచేయుదును. ఆయన 2002 నాటి గ్రంథమునకు ముఠావారు దెబ్బతిన్నవారిమీద విసరిపోవు చీటీలోని మాటలే పేరు: ‘అభినందనలు, మీరిప్పుడే ఐ.సి.ఎఫ్.ను గలిసికొంటిరి’ అని యర్థము. ఆ హాస్యము నాకు రుచింపదు. కాని 2000లో వెలువడిన ఆత్మకథ ‘కాస్’ వేరు. జమైకా సంతతికి జెందిన యీ నల్లబాలుడు తెల్లవారైన వృద్ధదంపతుల పెంపకమున, తనబోటి ముఖము కానరాని పేటలో పెరిగెను. పెట్టిన పేరు ఆడుపేరు. దానికిని రంగునకును ప్రతిదినము తన్నులు తిని, తుదకు కాషియస్ క్లే పేరునుండి కాస్ అను పేరు దెచ్చుకొనెను. నేషనల్ ఫ్రంటు అను వర్ణద్వేషుల కక్షి టెర్రసులలో కరపత్రములు పంచిన యా దినములలో, తెల్లవారు హెచ్చుగానున్న ముఠాకు నల్లవాడొకడు నాయకుడగుట చిన్న సంగతి కాదు. దెబ్బ తినుట యెట్లుండునో యీ రచయిత యెరుగును. అతని బాల్యాధ్యాయములు చదువునప్పుడు కన్ను చెమర్చును. అందుచేతనే, తరువాతి యధ్యాయములలో ఆయన చేతి దెబ్బలు తిన్నవారికి ముఖము లేకపోవుట మరింత బాధించుచున్నది.

భారతమున పదునొకండవది స్త్రీపర్వము. యుద్ధము ముగిసిన పిమ్మట గాంధారి రణభూమిని జూచును. తన కుమారులకొరకే కాదు, శత్రుపక్షపు అభిమన్యునిపై బడి యేడ్చు ఉత్తరను జూచియు ఆమె విలపించును. వ్యాసుడు ఆ పర్వమును విడిచిపెట్టి, సౌప్తికమునుండి తిన్నగా పట్టాభిషేకమునకు బోయియుండిన పక్షమున భారత మేమై యుండెడిది? ఈ పుస్తకములైయుండెడిది. పగిలిన సీసాతో గీయబడిన చెక్కిలి మరునాడు అద్దములో నెట్లు కనబడెనో, ఆ శనివారపు రాత్రి ఆసుపత్రి గుమ్మమున నిలిచిన తల్లి యెవరో, ఒక్క పుట యైనను లేదు. రచయిత భార్య సయితము ‘నన్ను మార్చిన మంచిది’ అని చివర కృతజ్ఞతకు మాత్రమే వచ్చును.

ఈ లోపము సాహిత్యమాత్రమైన పక్షమున నే నింత చెప్పను. 1985 మే 29వ తేదీన బ్రస్సెల్సులోని హేసెల్ క్రీడాస్థలమున లివర్‌పూలునకును ఇటలీదేశపు యువెంటసునకును తుదిపందెము. ఆట మొదలగుటకు ముందే లివర్‌పూల్ అభిమానులు కొందరు ప్రక్క భాగముపైకి దూకి తరిమిరి. అటువైపు జనము పారిపోవుచు గోడకు నొత్తుకొనగా గోడ కూలినది. 39 మంది మరణించిరి. వారిలో హెచ్చుమంది ఇటాలియనులు. 1989లో బెల్జియము న్యాయస్థానము 14 మంది లివర్‌పూల్ అభిమానులను నరహత్యానేరమునకు శిక్షించినది. తరిమినవారు ఆనాడు క్రొత్తగా జేసిన దేమియు లేదు. ఎదుటివారిపైకి ఉరికి వారిని పరుగెత్తించుట ఇంగ్లండు టెర్రసులలో శనివారపు వినోదమే. పాతబడిన గోడయే యా వినోదమునకు వెల కట్టినది. నిక్ హార్న్‌బీ తన ‘ఫీవర్ పిచ్’ అను 1992 నాటి గ్రంథమున ఈ మాట నొప్పుకొనెను. ఆయన ముఠావాడు కాడు, ఆర్సెనల్ అభిమాని. ఐనను ఆ మరణములు తాము హానిలేనివని తలచిన చేష్టలకు కొనసాగింపేయని గ్రహించెను. కొట్టనివాడు గ్రహించెను, కొట్టినవారు అధ్యాయము మార్చిరి.

1989 ఏప్రిలు 15వ తేదీ సంగతి యింకను లోతైనది. షెఫీల్డులోని హిల్స్‌బరో క్రీడాస్థలమున, టెర్రసులోని ఇనుపకంచెల నడుమ లివర్‌పూల్ అభిమానులు నలిగిపోయిరి. మృతుల లెక్క 2021 నాటికి 97. వారు ముఠాలు కారు. పిల్లలు, తండ్రులు, అక్కచెల్లెండ్రు. ఆ కంచెలు మాత్రము ముఠాల భయముచేత కట్టబడినవి. కంచెయెక్కి ప్రాణము దక్కించుకొనజూచినవారిని జూచి, మైదానముపై దాడికి వచ్చుచున్నారని పోలీసులు మొదట భ్రమపడిరి. నాలుగు దినములకు ‘సన్’ పత్రిక మృతులను దోచుకొనిరని అభిమానులపై నింద వేసెను, దేశము నమ్మెను. టెర్రసు మనిషి యట్టివాడేయని దేశమునకు అంతకుముందే యొక చిత్తరువు సిద్ధమై యుండెను. పోలీసు నిర్వహణలోపమే ప్రధానకారణమని న్యాయమూర్తి టేలరు ఆ యేడే తేల్చినను, అభిమానుల తప్పు లేదనియు మృతులు అన్యాయముగ చంపబడిరనియు విచారణసంఘపు తీర్పు వచ్చుటకు 2016 వరకు బట్టినది. ఇరువదియేడేండ్లు తల్లులు కోర్టుల మెట్లెక్కిరి. స్త్రీపర్వము అక్కడ, లివర్‌పూల్ వీథులలో, నడచుచునేయుండెను; వార్డు, అలన్ గ్రంథములు వెలువడినది ఆ సంవత్సరముననే.

ఈ రచయితలు ఆ మరణములకు కారకులని నేననను. ఆ నింద వేయుట ‘సన్’ పత్రిక చేసినదానివంటిదే యగును. కాని ఆ చిత్తరువునకు రంగులు వేసినది తామే, అమ్ముకొన్నది తామే యను సంగతిని వీరిలో నెందరు తలచిరి? పోలీసులు తమ్ము పశువులవలె తోలిరని ప్రతి పుస్తకమునను మొర గలదు, అది నిజము. ఆ తోలుడు తమకంటె నిరపరాధులైన తక్కినవారిమీదను బడినదను విచారము గలదా యని వెదకితిని. దొరకలేదు.

ముఠాకు వెలుపలివారే యా పని కొంత చేసిరి. అమెరికనుడైన బిల్ బ్యూఫర్డు ‘అమాంగ్ ది థగ్స్’ అను గ్రంథముకొరకు 1984లో మాంచెస్టరు యునైటెడ్ అభిమానుల వెంట టూరిను నగరమునకు, 1990లో సార్డీనియాకు బోయెను. గుంపు హింసలో సుఖము గలదనియు, ఆ సుఖము తనకును గలిగినదనియు ఆయన దాచక వ్రాసెను. నాకు దెలిసిన ముఠావాడెవ్వడు నింత నగ్నముగ వ్రాయలేదు. అలన్ క్లార్కు తీసిన ‘ది ఫర్మ్’ అను 1989 నాటి బి.బి.సి. చిత్రమున, గ్యారీ ఓల్డ్‌మన్ నటించిన నాయకుడు ఇండ్లనమ్ము దళారి. మంచి యిల్లు, భార్య, పసిబిడ్డ. తండ్రి దాచిన కత్తిని ఆ బిడ్డ నోట బెట్టుకొనును. మాటలు లేవు. నాలుగువందల పుటల స్మృతులు చెప్పలేనిది ఆ బిడ్డ నోటి రక్తము చెప్పుచున్నది. చివర నాయకుడు చచ్చిన పిమ్మట, సహచరులు పానశాలలో కెమెరా యెదుట వానిని బొగడుచు నవ్వుదురు.

2022–23 నుండి ఇంగ్లండులోని పెద్ద క్రీడాస్థలములలో కటకటాలతో భద్రపరచిన చోట్ల నిలుచుండి చూచుటకు మరల అనుమతి యున్నది, సంతోషింపదగిన సంగతి. ఈ వాఙ్మయమునుండి తెలుగువారికి దేనినైన దెచ్చుట కెవరైన పూనుకొన్న పక్షమున, బ్యూఫర్డు గ్రంథమును, ‘కాస్’లోని బాల్యాధ్యాయములను ముందుగా గైకొనవలెనని నా సూచన. మూడవదిగా, 1981 నుండి పీటర్ హూటన్ మొదలైనవారు లివర్‌పూలులో నడపిన ‘ది ఎండ్’ అను చిన్నపత్రికను జూడవలెను. ఏ బూటు వన్నెకెక్కినది, ఏ చొక్కా పాతబడినది యని పట్టిక వేసి తమ తోటికుర్రవాండ్రనే వేళాకోళము చేసిన పత్రిక యది. అందు కొట్లాటలకంటె నవ్వు ఎక్కువ, నవ్వబడువారిలో వ్రాసినవారును గలరు.