రెసిడెన్సీ కథలో మన వంతు

విలియం డాల్రింపుల్ 'వైట్ మొఘల్స్' 2002లో వచ్చినప్పటి నుంచి, హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ అనగానే చాలామందికి ప్రేమకథే గుర్తొస్తుంది. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల కథను ఆయన వదలకుండా చదివించేటట్టు రాశాడు. దానితో నాకు పేచీ లేదు. కాని సంగనకల్లులో కూచుని చదివే నాకు ఆ ఇల్లు ముందుగా ఒక సంధిని గుర్తుచేస్తుంది. 1800 అక్టోబరులో నిజాంతో ఆ సంధి కుదిర్చినవాడు ఈ కిర్క్‌పాట్రిక్కే. దానితోనే బళ్లారి, కడప సీమలు కంపెనీ పాలయ్యాయి. మనం 'సీడెడ్' వాళ్లమయ్యాం. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆ భవనం లేచింది.

ఆ ఇంటికి అసలు పరీక్ష 1857 జులై 17న వచ్చింది. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రోహిల్లాలను వెంటబెట్టుకొని వచ్చి, దగ్గరలోని రెండు ఇళ్లలో జొరబడి రెసిడెన్సీ మీద తుపాకులు పేల్చారు. దివాను మొదటి సాలార్‌జంగ్ ముందే రెసిడెంటు డేవిడ్‌సన్‌కు కబురందించాడు. దాడి విఫలమైంది. ఖైదు నుంచి తప్పించుకున్న తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. అల్లావుద్దీన్ అండమాన్‌లో పోయాడు.

మన వ్యాసాల్లో సాలార్‌జంగ్ అయితే దార్శనికుడు, లేకుంటే ద్రోహి. ఈ రెండు మాటలతోనూ నాకు తృప్తి లేదు. ఆ విధేయతకు ముట్టిన ప్రతిఫలం ఏమిటో చూడాలి. 1860 సంధిలో రాయచూరు, నల్దుర్గం తిరిగొచ్చాయి. యాభై లక్షల అప్పు రద్దయింది. వాటితోపాటు సురపురమూ దక్కింది. అది 1858లో తిరగబడి ప్రాణం పోగొట్టుకున్న రాజా వెంకటప్ప నాయకుడి సీమ. అంటే ఒకరి విధేయతకు బహుమానం మరొకరి తిరుగుబాటు నేల నుంచి తీసిచ్చారు. బీరారు మాత్రం ఇవ్వలేదు. సాలార్‌జంగ్ 1876లో లండను దాకా వెళ్లొచ్చినా, 1883లో కన్నుమూసేదాకా అది రాలేదు. బళ్లారి ఆ లెక్కలోనే లేదు.

ప్రేమకథగా మాత్రమే చదివితే ఈ లెక్క కనబడదు. 1800లోనైనా 1860లోనైనా చేతులు మారిన ఊళ్లను ఎవరూ అడగలేదు. సరిహద్దుల్లో ఉన్న మనం ఆ సంగతి మరిచిపోకూడదు.

1949 నుంచి ఆ ప్రాంగణంలో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. అక్కడి విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తన చేను కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన మనిషి ఆమె. ఆ ఇంటి కథ ఇంకోసారి రాసేవారు అక్కడినుంచి మొదలుపెడితే బాగుంటుంది.