గాలిదారిన అక్షరం

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడి అండమాన్ దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య ఫోన్లు తెగిపోయిన గంటల్లో, పోర్ట్‌బ్లెయిర్‌లోని ఒక హోటల్లో రేడియో పలికింది. దాని ముందు కూర్చున్నది భారతి ప్రసాద్. హైదరాబాద్ సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున, దీవుల నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో, అంటే అమెచ్యూర్ రేడియో నడిపేవారితో, మాట్లాడేందుకు వెళ్లిన బృందానికి ఆమె నాయకురాలు. ఇష్టం కొద్దీ కట్టుకున్న యాంటెనాలే ఆ రోజు నుంచి బతికి ఉన్నవారి కబుర్లు ఒడ్డుకు చేర్చాయి.

గొంతుతో చేసిన ఆ సేవకు వంక పెట్టలేం. అయినా గొంతుకు ఒక హద్దుంది. నలభై మంది పేర్లు, వయసులు, కావలసిన మందులు రేడియోలో చదివి వినిపించాలంటే ఒక్కో పేరూ అక్షరం అక్షరం విడదీసి చెప్పాలి. అవతలివారు రాసుకోవాలి, తిరిగి చదివి వినిపించాలి. అలసిన చెవికి 15 మిల్లీగ్రాములు 50 అయితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే హ్యామ్‌లు రేడియోకు కంప్యూటర్‌ను తగిలించారు. హవాయి విశ్వవిద్యాలయం 1971లో దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపి దారి చూపింది. 1978లో కెనడాలోని మాంట్రియల్ హ్యామ్‌లు ఆ విద్యను తమ చేతుల్లోకి తీసుకున్నారు. ప్యాకెట్ రేడియో అలా పుట్టింది.

ఇది హైదరాబాద్‌లోని ఉస్మాన్‌గంజ్ బజారుకు ఎందుకు? మూసీ దగ్గరే ఉంది కనుక. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగి అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. 2020 అక్టోబరులోనూ మూసీ తన బలం చూపించింది. అలాంటి రాత్రి కరెంటు పోయి సెల్ టవర్లు ఆగిపోతే, కిక్కిరిసిన ఈ టోకు బజారు నుంచి ఐదు కిలోమీటర్ల దూరంలోని సోమాజిగూడ ఇన్‌స్టిట్యూట్‌కు ఒక జాబితా పంపడం ఎలా?

మేడ మీద యాంటెనా, కింద చేతిలో పట్టేంత రేడియో, 12 వోల్టుల బ్యాటరీ, పాతదైనా సరే ఒక ల్యాప్‌టాప్ ఉంటే చాలు. మనం టైపు చేసిన అక్షరాలను ల్యాప్‌టాప్ రెండు స్వరాలుగా మారుస్తుంది: ఒకటి 1200 హెర్ట్జ్, మరొకటి 2200 హెర్ట్జ్. చెవికి బరబరమని వినిపించే ఆ ధ్వనిని రేడియో 144–146 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేస్తుంది. వేగం సెకనుకు 1200 బిట్లు. ఫొటోకు చాలదు కానీ, జాబితాకు ధారాళంగా సరిపోతుంది.

సందేశం ఒక్క ముద్దగా వెళ్లదు. ముక్కలవుతుంది. ప్రతి ముక్క మీదా పంపినవారి కాల్‌సైన్ (హ్యామ్ గుర్తింపు సంకేతం), అందుకోవలసినవారి కాల్‌సైన్, చివర లెక్క కట్టిన ఒక సరిచూపు సంఖ్య ఉంటాయి. లారీ నుంచి బస్తాలు దించుతూ గుమస్తా చీటీతో లెక్క సరిపోల్చుకున్నట్టు, అవతలి కంప్యూటర్ ఆ సంఖ్యను మళ్లీ కట్టి చూస్తుంది. సరిపోతే ‘అందింది’ అని జవాబిస్తుంది. జవాబు రాకపోతే ఇవతలి యంత్రం అదే ముక్కను మళ్లీ పంపుతుంది. ఉరుముకో పక్క మోటారు రొదకో ఒక అక్షరం చెడితే ఆ ముక్క మొత్తాన్ని పక్కన పెడుతుందే తప్ప తప్పును లోపలికి రానివ్వదు. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ నిక్కచ్చితనమే.

దూరాలకు దారి వేరు. 7 మెగాహెర్ట్జ్ షార్ట్‌వేవ్ తరంగాలు పై వాతావరణంలోని అయాన్ల పొరను తాకి వంగి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం పగటిపూట అందే దూరమే. అక్కడ పిఎస్‌కె31 అనే పద్ధతిలో, మనిషి టైపు చేసే వేగానికి సరిపడా, చాలా తక్కువ శక్తితో రాతలో సంభాషించవచ్చు. విన్‌లింక్ అనే పద్ధతిలో అయితే రేడియో మీద వచ్చిన ఈమెయిల్‌ను, ఇంటర్నెట్ ఇంకా బతికున్న ఊళ్లోని గేట్‌వే స్టేషన్ అందుకుని ముందుకు పంపుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లం పట్టించుకోవలసిన సంగతి ఒకటుంది. కంప్యూటర్లు సాధారణంగా వాడే యుటిఎఫ్-8 అక్షర సంకేత పద్ధతిలో ‘హైదరాబాద్’ అని తెలుగులో రాస్తే 27 బైట్లు, రోమన్ లిపిలో రాస్తే 9. ఇంత సన్నటి దారిలో మన భాష మూడింతల బరువు మోయాలన్నమాట. పిఎస్‌కె31 కూడా ఇంగ్లీషులో తరచూ వచ్చే అక్షరాలకే పొట్టి సంకేతాలు కేటాయించింది. అయితే యూనికోడ్‌లో తెలుగు వరుసకు ఉన్న గడులు 128 మాత్రమే. రెండు చివర్లా ఒకే పట్టిక ఒప్పుకుంటే అక్షర సంకేతానికి ఒక్క బైటు చాలు. యూనికోడ్ సంస్థ వెలువరించిన కుదింపు పద్ధతి ఒకటి ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఆపదలో ఉన్న మనిషి ‘అమ్మకు ఇన్సులిన్ కావాలి’ అని తన లిపిలోనే రాయగలగాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు చేపట్టదగ్గ పని ఇది, ఎంతో అవసరమైన పని.

హ్యామ్ కావాలంటే కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు ఉండాలి. పరీక్ష రాయాలి. కనీస వయసు 12 ఏళ్లు. రహస్య సంకేతాలు వాడకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు. అంటే ఉస్మాన్‌గంజ్ సేటు ఎండుమిర్చి ధర కనుక్కోవడానికి ఈ దారి పనికిరాదు. అది మంచిదే. ఈ తరంగాలు ఇన్నేళ్లు సేవకు మిగిలి ఉన్నాయంటే ఈ కట్టుబాటు వల్లే.

లైసెన్సు అక్కర్లేని దారీ ఉంది. 865–867 మెగాహెర్ట్జ్ మధ్య లోరా పద్ధతిలో పనిచేసే అరచేయంత పరికరాన్ని బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపితే, మెష్‌టాస్టిక్ సాఫ్ట్‌వేర్ చిన్న సందేశాలను ఒక పరికరం నుంచి మరోదానికి అందిస్తూ పోతుంది. ఒక్కో సందేశానికి సుమారు 200 బైట్లే హద్దు. ఇరుకు సందుల్లో, కాంక్రీటు గోడల మధ్య దాని అందుబాటు బాగా తగ్గుతుంది. అందుకని ఎత్తైన మేడలు వెతకాలి. ఉస్మాన్‌గంజ్‌లో ఒకటి, బేగంబజార్‌లో ఒకటి, అఫ్జల్‌గంజ్‌లో ఒకటి పెట్టి, వాటి మధ్య సందేశం నిజంగా దాటుతోందో లేదో వాన లేని రోజుల్లోనే చూసుకోవాలి.

ఈ చూసుకోవడమే అసలు సంప్రదాయం. హ్యామ్‌లు నిర్ణీత వేళకు ఒకే తరంగం మీద చేరి హాజరు పలుకుతారు. దాన్ని ‘నెట్’ అంటారు. పంపే సందేశానికి వరుస సంఖ్య, అత్యవసరమా మామూలా, ఎవరి నుంచి, ఎన్ని మాటలు, ఏ వేళకు అన్నది ముందే రాసుకుంటారు. మాటలు లెక్కపెట్టే అలవాటు టెలిగ్రాఫు ఆఫీసుల నుంచి వచ్చింది. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయినా ఆ క్రమశిక్షణ మాత్రం వీరి లాగ్‌బుక్కుల్లో నిలిచింది. వరద రాత్రి కొత్తవాళ్లు నేర్చుకోగలిగేది బటన్ నొక్కడం వరకే. ముందు వినడం, తరంగం ఖాళీ అయ్యేదాకా ఆగడం, పది మాటల్లో చెప్పగలిగినదానికి ముప్ఫై వాడకపోవడం నెలల తరబడి చేస్తేనే చేతికొస్తాయి. ఉస్మాన్‌గంజ్ చుట్టుపక్కల ప్రతి హైస్కూలు నుంచీ ఇద్దరు పిల్లలు హ్యామ్ పరీక్షకు కూర్చుంటే, సోమాజిగూడతో వారం వారం నెట్ నడపడానికి మనుషులు దొరికినట్టే. వానాకాలానికి ముందే మొదలుపెట్టాలి.