రియర్ విండో: పరీక్షలో పట్టని షాట్

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పన్నెండో తరగతి ఇంగ్లిష్ అంటే నవలలు, నాటకాలు మాత్రమే కాదు. సినిమా కూడా పాఠ్యమే. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘రియర్ విండో’ (1954) కొన్నేళ్ల పాటు ఆ జాబితాలో ఉంది. సినిమాని సాహిత్యం పక్కన సమానంగా కూర్చోబెట్టడం బాగుంది. పేచీ అంతా దాన్ని చదివించే తీరుతోనే.

ఏడాది చివర మూడు గంటల రాతపరీక్ష. హాల్లోకి పుస్తకం తీసుకెళ్లనివ్వరు, సినిమా చూపించరు. నవల చదివినవాళ్లు నాలుగు వాక్యాలు బట్టీపట్టి కోట్ చేయొచ్చు. షాట్‌ని ఎలా కోట్ చేస్తారు? అందుకే చాలామంది పేర్లని పట్టుకుంటారు. లో యాంగిల్ అంటే అధికారం, హై యాంగిల్ అంటే నిస్సహాయత, క్లోజప్ అంటే భావోద్వేగం. స్టడీ గైడ్లలో కనిపించే ఈ లుకప్ టేబుల్ మనకీ కొత్తేం కాదు. సినిమాల మీద వచ్చే రీల్స్, వీడియో ఎస్సేలు సగం దీని మీదే నడుస్తాయి. ఎరుపు కనిపిస్తే ప్రమాదం, అద్దం కనిపిస్తే ద్వంద్వ వ్యక్తిత్వం!

పేర్లు తెలియక్కర్లేదని కాదు. కానీ గణవిభజన చేసి ‘ఉత్పలమాల’ అని రాస్తే మార్కులు పడతాయి, పద్యం మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఇదీ అలాంటిదే.

‘రియర్ విండో’లో జెఫ్రీస్ ఒక ఫొటోగ్రాఫర్. కాలు విరిగి, చక్రాల కుర్చీలో కూర్చుని, ఎదురింటి కిటికీల్లోకి చూడటమే పనిగా పెట్టుకుంటాడు. థోర్వాల్డ్ అనే సేల్స్‌మన్ తన భార్యని చంపేశాడని అతని అనుమానం. హత్య మనకి ఎక్కడా చూపించరు. జెఫ్రీస్ చూస్తాడు, అతను చూసింది మనం చూస్తాం, మళ్లీ అతని మొహం. సినిమాలో ఎక్కువ భాగం ఈ వరసే. అతను నవ్వే ముందు బుట్టలో కిందికి దిగుతున్న కుక్కపిల్లని చూపిస్తే అతను మంచివాడు, అదే నవ్వుకి ముందు అరకొర బట్టల్లో ఉన్న అమ్మాయిని చూపిస్తే చపలచిత్తుడు అని హిచ్‌కాక్ త్రూఫోతో చేసిన సంభాషణల్లో వివరించాడు. అర్థం క్లోజప్‌లో లేదు, దాని పక్కన ఏం పెట్టారన్న దాంట్లో ఉంది. ఏ టేబుల్లోనూ దానికి గడి ఉండదు.

ఇంకో షాట్ ఉంది. వాన వెలిసిన తెల్లవారుజామున జెఫ్రీస్ కుర్చీలోనే నిద్రపోతుంటాడు. అప్పుడు థోర్వాల్డ్ ఒక ఆడమనిషితో కలిసి ఇంట్లోంచి బయటికెళ్లడం మనకి కనిపిస్తుంది, అతనికి కనిపించదు. ‘డ్రమాటిక్ ఐరనీ’ అని రాసేసి ముందుకెళ్లిపోవచ్చు. కానీ ఆ షాట్ మనతో చేయించేది వేరు. ఆమె భార్యే కాబోలు అనుకుంటాం, జెఫ్రీస్ మీద నమ్మకం సడలుతుంది. చివరికి అతని అనుమానమే నిజమవుతుంది. అతని కంటే మనం ఎక్కువ చూశాం, ఆ ఎక్కువ చూడటం వల్లే పొరబడ్డాం.

తర్వాత ఉంగరం. థోర్వాల్డ్ ఇంట్లో పోలీసుల ముందు నిలబడిన లీసా, చేతులు వెనక్కి పెట్టి, తన వేలికి తొడుక్కున్న అతని భార్య ఉంగరాన్ని జెఫ్రీస్‌కి చూపిస్తుంది. హత్యకి సాక్ష్యం అదే, పెళ్లి మాట దాటేస్తున్న ప్రియుడికి జవాబూ అదే. ఆ సైగని థోర్వాల్డ్ గమనించి తలెత్తి చూస్తాడు. ఆ చూపు నేరుగా మన మీద పడుతుంది. అప్పటిదాకా చీకట్లో సుఖంగా కూర్చున్న మనం దొరికిపోతాం. ఇక్కడ ‘పాయింట్ ఆఫ్ వ్యూ షాట్’ అని రాయడం తప్పు కాదు. కానీ ఆ క్షణంలో మనకెందుకు భయమేసిందో ఆ మాట చెప్పదు.

ఇంగ్లిష్ క్లాసులో సినిమా ఎందుకు అంటే ఇందుకే అనిపిస్తుంది. పదిహేడేళ్ల వాళ్లు రోజంతా ఎవరెవరి జీవితాల్లోకో ఫోన్ కిటికీలోంచి చూస్తుంటారు, ఒక్క క్లిప్ చూసి తీర్పు చెప్పేస్తుంటారు. వాళ్లని ‘ఇక్కడ ఏ టెక్నిక్ వాడారు?’ అని అడిగితే జవాబు గైడ్‌లో దొరుకుతుంది. ‘జెఫ్రీస్ నిద్రపోతున్నప్పుడు నువ్వేం చూశావు? ఏం నమ్మావు? దేన్ని బట్టి నమ్మావు?’ అని అడిగితే గైడ్ పనికిరాదు, సినిమాయే మళ్లీ చూడాలి. పరీక్షకి అలాంటి ప్రశ్న ఇవ్వడం కష్టమే, దిద్దడం ఇంకా కష్టం. కానీ ఆ ప్రశ్నే లేకపోతే సినిమా జాబితాలో ఉన్నా, క్లాసులో లేనట్టే.