12-0-12: నడిమి తీగతో రెండు వోల్టేజీలు

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల మరమగ్గాల షెడ్లలో పనిచేసే నేతకార్మికుల్లో తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. అక్కడి నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలను గుజరాతీ, మరాఠీ, ఒడియా తదితర భాషలతోపాటు తెలుగులోనూ నడుపుతోంది. మగ్గం ఆడే చోట దాన్ని బాగుచేసే చేయి కూడా ఉండాలి. పడుగు పోగు తెగగానే మగ్గం దానంతటదే ఆగేందుకు చేసిన విద్యుత్ ఏర్పాటులో ఒక్కొక్క పోగు మీద డ్రాపర్ అనే పలుచని లోహపు రేకు వేలాడుతూ ఉంటుంది. పోగు తెగితే ఆ రేకు జారి కిందనున్న పట్టీని తాకి తక్కువ వోల్టేజీ వలయాన్ని పూర్తిచేస్తుంది, దాంతో విద్యుదయస్కాంతం పనిచేసి మగ్గాన్ని నిలుపుతుంది. పరిశ్రమల్లో వాడే సెన్సార్లు, సోలెనాయిడ్లు ఎక్కువగా 24 వోల్టుల డీసీతో, అంటే ఒకే దిశలో పారే విద్యుత్తుతో నడుస్తాయి. చిన్న రిలేలు, బోర్డులు అనేకం 12 వోల్టులే కోరతాయి. వీటిని విప్పి పరీక్షించే మెకానిక్ బల్లమీద అందువల్ల రెండు వోల్టేజీలూ అవసరమే అయినా, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం అవసరం లేదు.

బజారులో 12-0-12 అని అడిగితే ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌కు బయటి చుట్ట నుంచి మూడు తీగలు వస్తాయి. రెండు చివరల మధ్య 24 వోల్టులు, ఏ చివరకైనా నడిమి తీగకూ మధ్య 12 వోల్టులు ఉంటాయి. ఈ నడిమి తీగనే సెంటర్ ట్యాప్ అంటారు. వాల్వు రేడియోల కాలంలో 5యూ4 వంటి రెక్టిఫయర్ వాల్వులో రెండు ఆనోడ్లు, వాటికి ఉమ్మడి కాథోడ్ ఉండేవి కనుక, నడిమి తీగ ఉన్న చుట్ట దానికి సహజంగా అమరింది. సిలికాన్ డయోడ్లు చౌకయ్యాక నాలుగింటిని కలిపిన బ్రిడ్జి వాడుకలోకి వచ్చి నడిమి తీగ అవసరాన్ని తగ్గించింది. ఆ పాత పద్ధతినీ ఈ కొత్త పద్ధతినీ ఒకే పెట్టెలో కలపడమే ఇక్కడి కిటుకు.

చుట్ట రెండు చివరలను బ్రిడ్జికి కలిపి, దాని ప్లస్ కొసను నేరుగా బయటికి తెచ్చి, బయటి మైనస్ తీగను మాత్రం ఒక స్విచ్ ద్వారా పంపాలి. స్విచ్ ఆ తీగను బ్రిడ్జి మైనస్ కొసకు కలిపితే నాలుగు డయోడ్లూ పనిచేసి, బయటి ప్లస్, మైనస్ తీగల మధ్య పెట్టిన కెపాసిటర్ మీద 24ను 1.414తో హెచ్చించి డయోడ్ల నష్టం తీసివేయగా సుమారు 32.5 వోల్టులు నిలుస్తాయి. నడిమి తీగకు కలిపితే బ్రిడ్జి మైనస్ వైపున్న కింది రెండు డయోడ్లు ఊరకుండిపోయి, పై రెండే వంతులవారీగా పనిచేసి సుమారు 16.3 వోల్టులు ఇస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ అదే, డయోడ్లు అవే. మారేది తిరుగు దారి ఒక్కటే.

అయితే ఈ స్విచ్ ఎంపికలో అజాగ్రత్త పనికిరాదు. ఒక కొసను పూర్తిగా వదిలాకే రెండో కొసను అందుకునే రకం స్విచ్ వాడాలి. రెండింటినీ క్షణకాలమైనా ఒకేసారి తాకితే నడిమి తీగా బ్రిడ్జి మైనస్ కొసా కలిసిపోయి, చుట్టలో సగభాగం కింది డయోడు గుండా షార్టవుతుంది. ఎక్కువ నుంచి తక్కువకు మార్చినప్పుడు కెపాసిటర్‌లో పాత 32 వోల్టులు మిగిలే ఉంటాయన్నది మరో ప్రమాదం. 4700 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్‌కు అడ్డంగా 2.2 కిలోఓముల రెసిస్టర్ వేస్తే ఆ నిల్వ ఏడెనిమిది సెకన్లలో సగానికి దిగుతుంది.

ఈ పద్ధతి విలువ వేడి లెక్కలో తెలుస్తుంది. వోల్టేజీని స్థిరంగా ఉంచే ఎల్ఎం317 వంటి రెగ్యులేటర్ తనకు అందిన వోల్టేజీలో మిగులునంతా వేడిగా మారుస్తుంది. 32.5 వోల్టుల నుంచి 12 వోల్టులను అర ఆంపియరు మీద తీస్తే సుమారు 10 వాట్లు వృథా అవుతాయి, 16.3 నుంచి తీస్తే ఆ వృథా 2 వాట్ల పైచిలుకు మాత్రమే. వేసవిలో మగ్గాల షెడ్డులో ఈ తేడా చిన్నది కాదు. స్విచ్‌లో రెండో జత కొసలు ఉంటే అవే రెగ్యులేటర్ ఇచ్చే వోల్టేజీని నిర్ణయించే రెసిస్టర్‌ను కూడా మార్చగలవు. కరెంటు విషయంలో మాత్రం కొంత వదులుకోవాలి: 1 ఆంపియరు చుట్ట తక్కువ వోల్టేజీ మీద దాదాపు ఆ 1 ఆంపియరునూ ఇవ్వగలిగినా, ఎక్కువ వోల్టేజీ మీద సుమారు 0.6 ఆంపియరుకు మించి లాగకూడదు.

మెయిన్స్ పదోవంతు పడిపోతే 16.3 కాస్తా 14.6 అవుతుంది, కెపాసిటర్ మీది ఎగుడుదిగుడు పోగా 12 వోల్టులు నిలబెట్టడానికి రెగ్యులేటర్‌కు చాలినంత మిగలదు. చేత్తో చుట్టే విద్య ఇక్కడే అక్కరకు వస్తుంది, ఎందుకంటే బజారులో సులువుగా దొరకని 13-0-13ను చుట్టుకోవచ్చు. 6 చదరపు సెంటీమీటర్ల కోర్‌కు వోల్టుకు ఏడున్నర చుట్ల లెక్కన 230 వోల్టుల వైపు సుమారు 1725 చుట్లు, 13 వోల్టుల ఒక్కో సగానికి నష్టం కలుపుకొని సుమారు 104 చుట్లు పడతాయి. 22 గేజి ఎనామిల్ తీగలు రెంటిని పక్కపక్కనే పట్టి ఒకేసారి చుడితే రెండు సగాలూ సమానంగా వస్తాయి. తరువాత మొదటి తీగ చివరను రెండో తీగ మొదటికి కలిపితే అదే నడిమి తీగ. చివరను చివరకు కలిపితే రెండు సగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బయటి కొసల మధ్య వోల్టేజీయే కనిపించదు. డయోడ్లు బిగించకముందే మీటరుతో కొలిస్తే ఈ పొరపాటు వెంటనే బయటపడుతుంది.

ఇప్పుడు తేలికైన స్విచ్చింగ్ సరఫరాలు చవకగా దొరుకుతున్న మాట నిజమే. కానీ అవి చెడితే చాలాసార్లు పారేయడమే గతి. ట్రాన్స్‌ఫార్మర్ సరఫరాను సోల్డరింగ్ కడ్డీ, కాస్త తీగ ఉన్న ఎవరైనా మళ్లీ నిలబెట్టగలరు. మగ్గాల మరమ్మతు నేర్చుకునే తెలుగు యువకులు ఇలాంటి పెట్టె ఒక్కటైనా సొంతంగా కట్టుకోవాలి. దాని మూత మీద ఈ వరుసను తెలుగులోనే రాసుకోవాలి: ముందు మెయిన్ ఆపి, తరువాత స్విచ్ మార్చి, మీటరు చూశాకే పరికరం కలపాలి.