పట్టికలో రాలిపోయిన వరస

అమెరికా కనీస వేతనం గురించి రాసిన ఏ పుస్తకం తెరిచినా ఒక పట్టిక కనబడుతుంది. ఫెడరల్ చట్టం ప్రకారం గంటకు ఎంత అనేది ఆ పట్టిక. 1938లో 25 సెంట్లు. 1950లో 75 సెంట్లు. 1956లో ఒక డాలరు. 1968లో 1 డాలరు 60 సెంట్లు. 1974లో 2 డాలర్లు. 1981లో 3 డాలర్ల 35 సెంట్లు. 1997లో 5 డాలర్ల 15 సెంట్లు. 2009 జూలై 24 నుంచి 7 డాలర్ల 25 సెంట్లు. అక్కడితో ఆగిపోయింది. 2025 ముగిసేదాకా ఒక్క సెంటు పెరగలేదు. ధరల లెక్క తీస్తే 1968 నాటి 1 డాలరు 60 సెంట్లు 2024లో 14 డాలర్లకు పైమాటే. అంటే కూలి పెరగలేదు, సగానికి పడిపోయింది.

ఈ పట్టిక మీద అర్థశాస్త్రవేత్తలు రెండు జట్లుగా కొట్లాడుకుంటారు. రేటు పెంచితే ఉద్యోగాలు పోతాయని ఒకరు, పోవని ఇంకొకరు. మన దగ్గరి వామపక్ష మేధావులు రెండో జట్టు వైపు నిలబడి, వర్గపోరాటం గెలిచినప్పుడు రేటు పెరిగింది, ఓడినప్పుడు ఆగిపోయింది అని తేల్చేస్తారు. ఇద్దరూ ఒకటి అడగకుండానే ఒప్పేసుకుంటున్నారు. ఈ రేటు అందరిదీ అని. అసలు తగాదా అక్కడే ఉంది. రేటు ఎంత అనే దానికన్నా ముందు, ఎవరికి అనే ప్రశ్న ఉంది.

1938 జూన్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం పొలం కూలీలను బయట పెట్టింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని పరిధిలోకే రాలేదు. దక్షిణ రాష్ట్రాల్లో ఈ రెండు పనులూ ఎవరివి? బానిసత్వం పోయాక కూడా పత్తి చేలల్లో, తెల్లవాళ్ల వంటిళ్లల్లో మిగిలిపోయిన నల్లవాళ్లవి. ఆ చట్టం గట్టెక్కాలంటే దక్షిణాది డెమొక్రాట్ల ఓట్లు కావాలి. నల్ల కూలీకీ తెల్ల కూలీకీ ఒకే రేటు అంటే వాళ్లు ఒప్పుకోరు. చట్టంలో నల్లవాళ్లు అనే మాట ఎక్కడా లేదు. వ్యవసాయం అని ఉంది, అంతే.

దీనికి ఒక జవాబు చెప్పేవాళ్లున్నారు. దేశమంతటా రైతుల పలుకుబడి ఎక్కువ, చిన్న కమతాల్లో తనిఖీ కష్టం, తెల్ల పేదలు కూడా పొలం పనుల్లో ఉన్నారు, కాబట్టి ఇది జాతి వివక్ష కాదు అని. తెల్ల పేదలూ నష్టపోయిన మాట నిజమే. కానీ కులం ఉన్న దేశంలో పుట్టినోళ్లకు ఈ వాదన కొత్త కాదు. పని పేరు చెబితే చాలు, కులం పేరు చెప్పక్కర్లేదు. మా అమ్మ నాట్లకు పోయే రోజుల్లో కూలి ఎంత అని వాడలో ముందు అడిగేవాళ్లు కాదు, ఎవరి చేను అని అడిగేవాళ్లు. చేను ఎవరిదో తెలిస్తే కూలి ఎంతో, ఎప్పుడు ముడుతుందో తెలిసిపోయేది. చట్టం రాసినోళ్లకు కూడా ఆపాటి లెక్క తెలుసు.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్ ర్యాలీ అనగానే అందరికీ మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసం గుర్తొస్తుంది. ఆ ర్యాలీ కోర్కెల పత్రంలో గంటకు 2 డాలర్ల జాతీయ కనీస వేతనం ఉన్న సంగతి, చట్టం వదిలేసిన పనులన్నిటినీ అందులో చేర్చమన్న సంగతి ఎంతమందికి తెలుసు? అప్పటికి ఉన్న రేటు 1 డాలరు 15 సెంట్లు. వాళ్లు ఎంత అనేదీ, ఎవరికి అనేదీ కలిపి అడిగారు.

1966 సవరణతో తలుపు కొంత తెరుచుకుంది. పెద్ద పొలాల కూలీలు, హోటళ్లు, లాండ్రీలు, బళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు లోపలికొచ్చారు. అయితే ఎట్లా వచ్చారు? 1967లో పాత పరిశ్రమల కార్మికుడికి 1 డాలరు 40 సెంట్లు, పొలం కూలీకి ఒక డాలరు. 1969లో అక్కడ 1 డాలరు 60, ఇక్కడ 1 డాలరు 30. ఇంటిపని మనుషులు 1974 దాకా ఆగాల్సి వచ్చింది. పొలానికీ ఫ్యాక్టరీకీ ఒకే రేటు అయింది 1978లో, 2 డాలర్ల 65 సెంట్ల దగ్గర. అంటే 40 ఏళ్లు. అమెరికా కార్మిక శాఖ ప్రచురించే అసలు పట్టికలో పొలం కూలీలకు వేరే నిలువు వరస ఉంది. పుస్తకాల్లోకి, పత్రికల్లోకి ఎక్కేటప్పుడు ఆ వరస రాలిపోతుంది. ఒకే గీత మిగులుతుంది. ఆ గీతనే చరిత్ర అంటున్నారు.

ఈ వరస ఎంత ముఖ్యమో చెప్పే పరిశోధన 2021లో వచ్చింది. ఎల్లోరా డెరెనాన్‌కోర్, క్లేర్ మోంతియాలూ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు 1966 సవరణను పరిశీలించారు. కొత్తగా చేరిన రంగాల్లో నల్ల కార్మికుల్లో దాదాపు మూడో వంతు మంది ఉన్నారు. 1960ల చివర, 1970ల మొదట్లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య సంపాదన తేడా తగ్గింది కదా, అందులో 20 శాతానికి పైగా ఈ విస్తరణ వల్లనే అని వాళ్లు తేల్చారు. చదువు పెరిగింది కాబట్టి తేడా తగ్గిందని చెప్పేవాళ్లు దీన్ని చూడాలి. చట్టం లోపలికి రానిచ్చింది కాబట్టి కూడా తగ్గింది.

రానివ్వకపోతే ఏమవుతుందో మెంఫిస్ చెబుతుంది. 1968 ఫిబ్రవరి 1న ఫెడరల్ రేటు 1 డాలరు 60 సెంట్లకు పెరిగింది. విలువలో అమెరికా చరిత్రలోనే అది పెద్ద రేటు అంటారు. సరిగ్గా అదే రోజు మెంఫిస్‌లో ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్ల పారిశుద్ధ్య కార్మికులు వానకు తలదాచుకోవడానికి చెత్త లారీ వెనక ఎక్కి, చెత్తను నొక్కే యంత్రంలో నలిగి చచ్చిపోయారు. పన్నెండో తారీఖున 1,300 మంది పని ఆపేశారు. 'నేను మనిషిని' అని అట్టలు పట్టుకుని నడిచారు. వాళ్ల కోసం వెళ్లిన కింగ్ ఏప్రిల్ 4న అక్కడే హత్యకు గురయ్యాడు. వాళ్లు నగరపాలక సంస్థ కార్మికులు. ఆ 1 డాలరు 60 సెంట్ల చట్టం నగర పారిశుద్ధ్య సిబ్బందికి వర్తించదు. 1974లో చేర్చారు, 1976లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 1985లో అదే కోర్టు మళ్లీ నిలబెట్టింది. చెత్త ఎత్తేవాడికి ఈ ఊగులాట ఎందుకో మనకు ఎవరూ వివరించక్కర్లేదు.

టిప్పుల సంగతీ ఇంతే. రైలు పెట్టెల్లో నల్ల పోర్టర్లను పెట్టుకున్న పుల్‌మన్ కంపెనీ జీతం తక్కువిచ్చి, టిప్పుల మీద బతకమంది. 1966లో హోటళ్లను చట్టంలోకి తెచ్చినప్పుడు, జీతంలో సగం దాకా టిప్పుల్లోంచి చూపించుకోవచ్చని యజమానికి వీలిచ్చారు. 1991లో యజమాని ఇవ్వాల్సిన భాగం 2 డాలర్ల 13 సెంట్లు అయింది. 1996లో దాన్ని అక్కడే బిగించేశారు. టిప్పులు కలిసినా కనీస వేతనం రాకపోతే మిగతాది యజమాని కట్టాలి అని చట్టంలో ఉంది. అడిగి రాబట్టుకోవాల్సింది మాత్రం వడ్డించే మనిషే.

ఫెడరల్ రేటు ఆగిపోతేనేం, రాష్ట్రాలు పెంచుకుంటున్నాయి కదా అంటారు. నిజమే, సగానికి పైగా రాష్ట్రాలు పెంచుకున్నాయి. 2025లో వాషింగ్టన్ రాష్ట్రంలో 16 డాలర్ల 66 సెంట్లు. కానీ అలబామా, లూసియానా, మిసిసిపీ, దక్షిణ కరోలినా, టెనెసీలకు సొంత కనీస వేతన చట్టమే లేదు. ఐదూ పాత బానిస రాష్ట్రాలే. మెంఫిస్ ఉన్నది టెనెసీలోనే. నల్లవాళ్లు మెజారిటీగా ఉన్న బర్మింగ్‌హామ్ నగరం 2015లో 10 డాలర్ల 10 సెంట్లకు పెంచుకోవాలని తీర్మానిస్తే, 2016లో అలబామా శాసనసభ ఏ నగరమూ అట్లా పెంచకూడదని చట్టం తెచ్చింది. 2019లో అప్పీలు కోర్టు వివక్ష ఆరోపణ లోతుల్లోకి పోకుండానే సాంకేతిక కారణంతో కేసు కొట్టేసింది. వాషింగ్టన్ నుంచి చట్టం వస్తే రాష్ట్రాల హక్కు అన్నోళ్లు, కింద నగరం హక్కు అడిగితే ఇవ్వలేదు. ఎక్కడ అధికారం ఉంటే తమకు లాభమో అక్కడ ఉండాలన్నదే వాళ్ల సిద్ధాంతం.

మనకెందుకు ఇదంతా? వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా అంబేద్కర్ 1946 ఏప్రిల్‌లో కనీస వేతనాల బిల్లు పెట్టాడు. 1948లో అది చట్టమైంది. అమెరికా వదిలేసిన వ్యవసాయం మన చట్టం షెడ్యూలులో మొదట్నించీ ఉండేది. ఈ తేడాను మన పాఠ్యపుస్తకాలు గట్టిగా చెప్పవు. అయితే షెడ్యూలులో లేని పనికి రేటు ఉండేది కాదు. కరువు పనుల కూలీలను రాజస్థాన్ ప్రభుత్వం చట్టం చేసి మరీ బయట పెడితే, కనీస వేతనం కన్నా తక్కువిస్తే అది వెట్టే అని 1983లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అయినా 2005 ఉపాధి హామీ చట్టం, కనీస వేతన చట్టంతో పనిలేకుండా కేంద్రం వేరే రేటు పెట్టుకునే దారి తెరిచిపెట్టింది. ఆ పనికి ఎక్కువగా పోయింది ఎవరు? 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ షెడ్యూలును తీసేసి అందరికీ అంటోంది. మంచిదే. అందరికీ అనే మాటను మనం వినడం ఇది మొదటిసారి కాదు.

రేపు ఎవరైనా రేట్ల పట్టిక తెచ్చి మన ముందు పెడితే పెరిగిందా తగ్గిందా అని మాత్రమే చూడొద్దు. ఆ రేటు ఏ పనికి లేదు, ఆ పని ఎవరిది అని అడుగుదాం. కరపత్రం రాసినా, క్లాసులో పాఠం చెప్పినా, రాలిపోయిన ఆ వరసను మళ్లీ గీద్దాం.